పాత ఫైబర్ పడవ: రంగు డబ్బా తెరవకముందు

ఈసారి వచ్చిన ఉత్తరాలలో చాలావరకు పాత ఫైబర్ చేపల పడవల గురించే. ఏ రంగు వేస్తే పడవ మళ్ళీ కొత్తదవుతుందని ఎక్కువమంది అడిగారు. రంగు సంగతి తేల్చుకోవడానికి ముందు పడవ ఒంట్లోకి నీరు ఎక్కడెక్కడ చేరిందో తెలుసుకోవాలన్నది మా అభిప్రాయం. అందువల్ల ఎంపిక చేసిన ఉత్తరాలకు ఆ వరుసలోనే జవాబులు ఇస్తున్నాము.

ప్రశ్న: సుమారు ఇరవై ఏళ్ళ నాటి 6 మీటర్ల ఫైబర్ పడవను ఈ మధ్య కొన్నాను. పక్కలను అరచేత్తో తుడిస్తే తెల్లటి పొడి అంటుకుంటోంది. ఇంజను తగిలించే వెనక పలక మూలల్లోనూ, తాడు కట్టే కొక్కేల చుట్టూనూ వెంట్రుకల్లాంటి పగుళ్ళు కనిపిస్తున్నాయి. ఎమరీ కాగితంతో రుద్ది రెండు పూతలు వేస్తే సరిపోతుందా? ఏ రకం రంగు మంచిది?

జవాబు: మీరు చెప్పిన రెండు లక్షణాలలో మొదటిది చూపుకు సంబంధించినది, రెండవది బలానికి సంబంధించినది కావచ్చు. రెండింటినీ ఒకే పూతతో కప్పేయాలనుకోవడం తగదు.

ముందు తెల్లపొడి సంగతి చూద్దాము. ఫైబర్ పడవను అచ్చులో తయారుచేసేటప్పుడు మొట్టమొదట వేసేది జెల్‌కోట్ అనే, రంగు కలిపిన రెజిన్ (గట్టిపడే జిగురు ద్రవం) పొర. దాని మందం సాధారణంగా అర మిల్లీమీటరు నుంచి 0.8 మిల్లీమీటర్ల వరకు ఉంటుంది. ఏళ్ళ తరబడి ఎండ తగలడం వల్ల, అందులోని అతినీలలోహిత కిరణాలకు ఆ పొర పైభాగం క్షీణించి సుద్దలా రాలుతుంది. కింద ఉన్న గాజునారకు దీనివల్ల అప్పటికప్పుడు వచ్చే నష్టం ఏమీ లేదు. ఒక మూల అరచేయంత చోట 600 నంబరు, ఆ తరువాత 1000 నంబరు నీటి ఎమరీ కాగితాలతో తడుపుతూ రుద్ది, పాలిష్ పేస్టుతో మెరుగు పెట్టి చూడండి. అసలు రంగు మళ్ళీ తేలితే పక్కలకు కొత్త రంగు అవసరమే లేదు. పాలిష్ చేసి, మైనం పట్టించి, ఏటా ఒకటి రెండుసార్లు ఆ పని చేస్తూ ఉంటే చాలు. రుద్దుతుండగానే లోపలి నార ఛాయ కనబడితే జెల్‌కోట్ అరిగిపోయిందని అర్థం, అప్పుడే రంగు గురించి ఆలోచించాలి. అవసరం లేని చోట రంగు వేసినవారు ఆ తరువాత కొన్నేళ్ళకొకసారి వేస్తూనే ఉండాలి కనుక ఈ చిన్న పరీక్షను తప్పించుకోవద్దని మరీ మరీ చెబుతున్నాము.

ఇక పగుళ్ళు. వాటి ఆకారమే వాటి కారణాన్ని చెబుతుంది. ఒక చుక్క నుంచి నక్షత్రంలా విచ్చుకున్న పగుళ్ళు అక్కడ దెబ్బ తగిలిందని సూచిస్తాయి. కొక్కెం చుట్టూ వలయంగానో, దాని నుంచి బయటికి గీతలుగానో కనిపించేవి ఆ కొక్కెం కింద బరువును పంచే పలక లేదని, లేదా ఉన్నది చిన్నదని చెబుతాయి. వరుసగా, ఒకదానికొకటి సమాంతరంగా సాగినవి ఆ చోట పడవ ఒళ్ళు వంగుతోందనడానికి గుర్తు. కారణం సరిచేయకుండా పైన పుట్టీ నింపి రంగు వేస్తే కొద్దికాలానికే అదే చోట అదే గీత మళ్ళీ తేలుతుంది. కొక్కెం విప్పి, లోపలివైపు వెడల్పాటి పలక బిగించాలి. వంగే చోట లోపల నుంచి అదనపు పొరలనో, అడ్డుబద్దీనో వేయాలి. ఆ తరువాతే పగులును కొనదేలిన పనిముట్టుతో వి ఆకారంలో తెరిచి చూడాలి. అది జెల్‌కోట్‌తోనే ఆగిపోతే జెల్‌కోట్ పేస్టుతోనో, ఎపాక్సీ (రెండు భాగాలు కలిపితే గట్టిపడే రెజిన్) పుట్టీతోనో నింపవచ్చు. నార పొరల్లోకి దిగి ఉంటే మాత్రం పుట్టీ చాలదు, ఆ చోటును అరగదీసి కొత్త నార పరచాలి.

వెనక పలక మూలల్లో పగుళ్ళు ఉన్నాయన్న మాట మాకు రంగు కన్నా ఎక్కువ ఆందోళన కలిగించింది. పాత పడవల్లో చాలావాటికి ఆ పలక రెండు ఫైబర్ పొరల మధ్య ప్లైవుడ్ పెట్టి చేసినదే. ఫైబర్ కుళ్ళదు, లోపలి చెక్క కుళ్ళుతుంది. ఇంజను బోల్టుల రంధ్రాల గుండా, నీరు వదిలే బిరడా రంధ్రం అంచుల గుండా ఏళ్ళ తరబడి ఊరిన నీరు ఆ చెక్కలో నిలిచిపోతుంది, పైకి మాత్రం పలక గట్టిగానే కనిపిస్తుంది. పరీక్ష కష్టమేమీ కాదు. ప్లాస్టిక్ తల ఉన్న చిన్న సుత్తితో పలకంతా వరుసగా తట్టుతూ వినండి. గట్టిగా ఉన్న చోట ఖణేల్‌మనే శబ్దం వస్తుంది, చెక్క నానిన చోటా, పొరలు విడిన చోటా శబ్దం మొద్దుబారుతుంది. తరువాత ఇంజనును పైకి ఎత్తి ఉంచి, దాని కింది కాలును పట్టుకుని పైకీ కిందికీ ఊపుతూ మరొకరిని పలకను గమనించమనండి. పలక కదిలినట్టు, మూలల పగుళ్ళు తెరుచుకున్నట్టు కనిపిస్తే అనుమానం బలపడుతుంది. చివరగా లోపలివైపు నుంచి, పలక కింది భాగంలో 5 మిల్లీమీటర్ల రంధ్రం చెక్క వరకు మాత్రమే వేసి, డ్రిల్లుతో బయటికి వచ్చిన పొట్టును చూడండి. పొడిగా, లేత రంగులో ఉంటే మంచిదే. నల్లగా, తడిగా, ముక్కవాసన వేస్తూ వస్తే చెక్క పాడయింది. పరీక్ష అయ్యాక ఆ రంధ్రాలను చిక్కటి ఎపాక్సీతో మూసేయడం మరిచిపోవద్దు.

చెక్క పాడైతే ఇంజను దించి, బయటి పొర వంకర పోకుండా వెలుపల గట్టి బద్దీలతో ఆపు కట్టి, లోపలి పొరను చుట్టూ కొంత అంచు మిగిల్చి కోసి, కుళ్ళిన ప్లైవుడ్‌ను పూర్తిగా తొలగించాలి. బయటి పొర లోపలి ముఖం ఆరిన తరువాత దాన్ని గరుకుగా అరగదీసి, మెరైన్ ప్లైవుడ్‌ను చిక్కటి ఎపాక్సీతో అంటించి, క్లాంపులతో అంతటా సమానంగా బిగించి, మూలలను గుండ్రంగా నింపి, ఆ పైన నార పొరలు వేసి పక్కలతో కలిపేయాలి. చెక్క అంచులన్నీ, ముఖ్యంగా బోల్టు రంధ్రాల లోపలి గోడలు, ఎపాక్సీతో మూసుకుపోవాలి. ఇంజను బరువు, తోపుడు మొత్తం మోసేది ఆ పలకే కాబట్టి ఈ పని చేసిన అనుభవం లేనివారు పనివారి సాయం తీసుకోవడమే క్షేమం.

అదే అనుమానంతో పడవ అడుగున పొడవునా ఉండే స్ట్రింగర్లనే బద్దీలను కూడా చూడండి. కాలు పెట్టినప్పుడు లోపలి తట్టు మెత్తగా దిగితే, లేదా మునుపటి బరువుతోనే పడవ పాత నీటిగీత కన్నా లోతుగా తేలుతుంటే, తట్టు కింద పోసిన తేలుడు ఫోమ్ నీరు పీల్చి ఉండవచ్చు. తట్టులో గుండ్రటి మూత పట్టేంత రంధ్రం కోసి కాస్త ఫోమ్ బయటికి తీస్తే నిజం తెలుస్తుంది, ఆ రంధ్రానికి నీరు దూరని మూత బిగించుకుంటే మున్ముందు కూడా చూసుకోవడానికి పనికివస్తుంది. పలక, బద్దీలు, ఫోమ్ మూడూ పోయిన పడవ అయితే రంగు మాట అటుంచి, దాన్ని బాగుచేయడం గిట్టుబాటా కాదా అన్న లెక్క ముందు వేసుకోండి.

రంగు రకం గురించి అడిగారు కనుక అదీ చెబుతాము. రెండు భాగాలు కలిపి వేసే పాలీయురెథేన్ రంగు గట్టిగా ఉంటుంది, మెరుపు చాలాకాలం నిలుస్తుంది, వేయడం మాత్రం కష్టం. డబ్బాలోంచి నేరుగా వేసే ఒక భాగం రంగు త్వరగా మాసిపోతుంది గాని, గీత పడినచోట మళ్ళీ పూసుకోవడం తేలిక. వలలు, రాళ్ళు, డబ్బాలు రోజూ ఒరుసుకునే పనిపడవ పక్కలకు మేము రెండవదానికే మొగ్గు చూపుతాము. షోకు కోసం ఉంచుకునే పడవ అయితే మాట వేరు.

ప్రశ్న: నా పడవ సంవత్సరమంతా నీటిలోనే ఉంటుంది. ఒడ్డుకు తీసి చూస్తే నీటిగీత కింద బఠాణీ గింజంత బొబ్బలు చాలా చోట్ల లేచాయి. ఒకదాన్ని పొడిస్తే జిగురు నీరు చిమ్మింది, పుల్లటి వాసన కూడా వచ్చింది. చెక్కేసి పుట్టీ పెడితే పోతాయా?

జవాబు: బొబ్బ ఏ పొర కింద లేచిందో ముందు తేల్చుకోవాలి. చెక్కి చూసినప్పుడు పైరంగు మాత్రమే ఊడి, కింద జెల్‌కోట్ చెక్కుచెదరకుండా ఉంటే అది రంగు పట్టు లోపం మాత్రమే. మీరు చెప్పిన జిగురునీరు, వెనిగర్ లాంటి వాసన మాత్రం ద్రవాభిసరణ వల్ల జెల్‌కోట్ కింద లేచిన బొబ్బల లక్షణాలు. జెల్‌కోట్ నీటిని పూర్తిగా ఆపలేదు. కొద్దికొద్దిగా లోపలికి దిగిన నీటిలో, రెజిన్‌లో మిగిలిపోయిన కరిగే పదార్థాలు కలిసి చిక్కటి ద్రావణం తయారవుతుంది. బయటి పలుచటి నీటిని ఆ చిక్కదనం లోనికి లాగుతుంది, ఒత్తిడి పెరిగి పొర ఉబ్బుతుంది. ఈ కారణంగానే ఉప్పునీటిలో కన్నా వెచ్చని మంచినీటిలో నిలిచే పడవలకు ఈ బెడద ఎక్కువ, రోజూ ఒడ్డుకు లాగే పడవలకు చాలా తక్కువ. లోపలి ద్రవం ఒత్తిడితో చిమ్ముతుంది కాబట్టి కళ్ళద్దాలు లేకుండా ఇకమీదట బొబ్బలను పొడవకండి.

పది పన్నెండు బొబ్బలే అయితే ఒక్కొక్కదాన్ని గట్టి నార కనిపించేంత వరకు తెరిచి, మంచినీటితో మళ్ళీ మళ్ళీ కడిగి, బాగా ఆరనిచ్చి, ఎపాక్సీ పుట్టీతో నింపవచ్చు. కడగడాన్ని చాలామంది లెక్కచేయరు. ఆరబెట్టినంత మాత్రాన నీరే ఆవిరవుతుంది, కరిగిన పదార్థం అక్కడే మిగిలి, పడవ మళ్ళీ నీటిలోకి దిగగానే తన పని మొదలుపెడుతుంది. మీ పడవలో మాదిరిగా అడుగంతా బొబ్బలు ఉన్నప్పుడు నీటిగీత కింది జెల్‌కోట్ మొత్తం తీసేసి, వారాల తరబడి కడుగుతూ ఆరబెడుతూ, పూర్తిగా పొడిబారిన తరువాత ఎపాక్సీ అవరోధ పొరను ఐదారు పూతలుగా వేయడమే నికరమైన పద్ధతి. ఆరిందో లేదో తెలుసుకోవడానికి పారదర్శకమైన ప్లాస్టిక్ కాగితాన్ని చదరంగా కోసి నాలుగు అంచులా టేపుతో గాలి చొరకుండా అంటించి, ఒకటి రెండు రోజులు ఎండలో వదిలేయండి. లోపలివైపు నీటి బిందువులు కడితే ఇంకా ఆరలేదన్నమాట. ఆరడానికి నెలలు పట్టవచ్చు. అంత వ్యవధి లేనివారు, బొబ్బలు చిన్నవై నార పొరలు గట్టిగా ఉన్నంతవరకు, పెద్దవాటిని మాత్రం బాగుచేసి పడవను నడుపుకోవచ్చు. తడి ఒంటి మీద ఎపాక్సీ పూతలు వేసి నీటిని లోపలే బంధించడం కన్నా అది మేలు.

ప్రశ్న: రాయి తగిలి అణియం (పడవ ముందు భాగం) కింద అరచేయంత చోట పగిలింది. లోపలి నుంచి రెండు పొరల మ్యాట్ (గాజుపోగుల పరుపు) రెజిన్‌తో అంటించాను. నెల తిరగకుండానే అంచు లేచి నీరు ఊరుతోంది. రెజిన్ మంచిది కాదా? ఎపాక్సీ వాడవలసిందా?

జవాబు: రెజిన్‌ను అనుమానించే ముందు కింది తలాన్ని ఎలా సిద్ధం చేశారో గుర్తు తెచ్చుకోండి. పడవ తయారైన రోజుల్లో తడి మీద తడిగా వేసిన పొరలు రసాయనికంగా ఒకటైపోతాయి. ఏళ్ళనాడు గట్టిపడిన పాలియెస్టర్ (ఫైబర్ పడవలకు మామూలుగా వాడే రెజిన్) మీద కొత్త రెజిన్ అలా కలిసిపోదు. గరుకు తలాన్ని కరచుకుని మాత్రమే నిలుస్తుంది. కాబట్టి అతుకు బలం రెండింటి మీద ఆధారపడుతుంది: తలం ఎంత శుభ్రంగా, గరుకుగా ఉంది, కొత్త నార ఎంత వెడల్పున కరచుకుంది. లోపలి గోడ మీద మైనమో, రంగో, చేపనూనె జిడ్డో ఉండగా అంటించిన మ్యాట్ ఏ రెజిన్‌తో వేసినా లేచిపోతుంది.

సరైన పద్ధతి ఇది. విరిగిన నార తెల్లబడి కనిపిస్తుంది. ఆ తెలుపు పోయి గట్టి భాగం వచ్చేవరకు కోసేయండి. తరువాత రంధ్రం అంచులను గ్రైండరుతో ఏటవాలుగా అరగదీయండి. మందానికి 12 రెట్ల వెడల్పు ఉండాలన్నది బలం కావలసిన చోట పాటించే కొలత. పడవ ఒళ్ళు 6 మిల్లీమీటర్ల మందం ఉంటే రంధ్రం చుట్టూ 72 మిల్లీమీటర్ల మేర వాలు రావాలి. అరచేయంత రంధ్రానికి పళ్ళెమంత అతుకు అవసరమవుతుందని చాలామంది వెనకాడతారు, కాని నీటి ఒత్తిడిని, అలల దెబ్బను తట్టుకునేది ఆ వెడల్పే. ఒకవైపు నుంచి ప్లాస్టిక్ కాగితం చుట్టిన పలుచటి రేకునో, ప్లైవుడ్ ముక్కనో పడవ వంపుకు సరిపడేలా ఆనించి బిగిస్తే, అవతలి వైపు నుంచి పొరలు పరచడానికి అచ్చులా పనిచేస్తుంది. దుమ్ము దులిపి, శుభ్రమైన గుడ్డతో అసిటోన్ తుడిచి, అది ఆవిరైపోయాక పని మొదలుపెట్టాలి. వాలు మొత్తాన్ని కప్పే పెద్ద ముక్కను ముందు పరచి, ఆ పైన క్రమంగా చిన్నవి వేసుకుంటూ పోవాలి. ఒక్కో పొర తడిసి పారదర్శకంగా మారేవరకు గాడుల రోలరుతో గాలి బుడగలను బయటికి నెట్టాలి. ఒకే విడతలో మూడు నాలుగు పొరలకు మించి వేస్తే రెజిన్ తనంతట తాను వేడెక్కి, మెలికపడి పగలవచ్చు.

ఇక ఏ రెజిన్ అన్న మాటకు వస్తే, పాత ఫైబర్‌ను పట్టుకోవడంలోనూ, నీటిని నిలవరించడంలోనూ ఎపాక్సీది పైచేయి, ముఖ్యంగా నీటిగీత కింద. అయితే మూడు విషయాలు తెలిసి వాడాలి. మొదటిది, మామూలు చాప్డ్ మ్యాట్‌లో పోగులను పట్టి ఉంచే జిగురు పాలియెస్టర్ రెజిన్‌లోని స్టైరీన్ అనే ద్రావకానికి కరగడానికి ఉద్దేశించినది. ఎపాక్సీలో అది సరిగా కరగదు కనుక ఎపాక్సీతో నేసిన గుడ్డనో, కుట్టిన నారనో వాడాలి. రెండవది, ఎపాక్సీ మీద పాలియెస్టర్ జెల్‌కోట్ సరిగా గట్టిపడదు, పట్టదు. ఎపాక్సీతో అతికిన చోటును రంగుతోనే ముగించాలి. మూడవది, పాలియెస్టర్‌కు కలిపే ఉత్ప్రేరకాన్ని వాతావరణాన్ని బట్టి 1 నుంచి 2 శాతం మధ్య తయారీదారు చెప్పిన హద్దుల్లో సర్దుకోవచ్చు గాని, ఎపాక్సీని గట్టిపరిచే రెండవ భాగమైన హార్డెనర్ విషయంలో ఆ చొరవ పనికిరాదు. త్వరగా ఆరుతుందని ఎక్కువ పోస్తే ఆ మిశ్రమం ఎప్పటికీ పూర్తిగా గట్టిపడదు. డబ్బా మీద ఉన్న నిష్పత్తిని తూచి గాని, కొలిచి గాని పాటించాలి. కంటితో అంచనా వేయకూడదు.

ఎపాక్సీ ఆరాక పైన సబ్బులాంటి జిడ్డు పొర తేలవచ్చు. దాన్ని ఎమరీతో రుద్దితే కాగితం నిండా పూసుకుపోతుంది తప్ప పోదు. ముందు మంచినీటితో, గరుకు పీచుతో కడిగేయాలి. పాలియెస్టర్‌కు మరో రకం ఇబ్బంది ఉంది: గాలి తగిలే చోట పైపొర జిగటగా మిగిలిపోతుంది. చివరి పూతకు మైనం కలిపిన రెజిన్ వాడితే ఆ జిగట ఉండదు, కాని దాని మీద మరో పొర వేయాలంటే ఆ మైనాన్ని మళ్ళీ తొలగించాలి.

ఎత్తుపల్లాలు సరిచేయడానికి కార్లకు వాడే పాలియెస్టర్ పుట్టీని నీటిగీత కింద వాడవద్దు. అందులోని సుద్దలాంటి పొడి నీరు పీల్చుకుంటుంది, కొన్నాళ్ళకు పుట్టీ ఉబ్బి ఊడిపోతుంది. ఎపాక్సీలో సిలికా పొడి కలిపిన చిక్కటి ముద్ద అక్కడికి తగినది. సన్నటి గాజుబుడగలు కలిపిన తేలిక పుట్టీని రుద్దడం సులువు, కాని దాన్ని నీటిగీత పైభాగానికే పరిమితం చేయండి.

ప్రశ్న: నిరుడు రెండు భాగాల రంగు వేయించాను. కొన్ని చోట్ల ముడతలు పడింది, కొన్ని చోట్ల చేపకళ్ళలా గుండ్రటి ఖాళీలు మిగిలాయి, మరికొన్ని చోట్ల టేపు తీసినప్పుడే పెచ్చులుగా ఊడింది. రంగు నాసిరకమా?

జవాబు: మూడు లోపాలకు మూడు కారణాలు ఉండి ఉంటాయి, మూడూ రంగు డబ్బాకు బయటివే. ముడతలు పడిన చోట కింద ఒక భాగం రంగు ఉండి ఉంటుంది. రెండు భాగాల రంగులోని ఘాటైన ద్రావకం దాన్ని మెత్తబరచి పైకి లేపుతుంది. ముందే తెలుసుకోవాలంటే కొత్త రంగుకు వాడే థిన్నరులో ముంచిన గుడ్డను పాత రంగు మీద కొన్ని నిమిషాలు ఆనించి ఉంచండి. రంగు కరిగినా, ముడుచుకున్నా దాన్ని మొత్తం తీసేయాలి, లేదా ఒక భాగం రంగునే వాడాలి.

చేపకళ్ళకు ఎక్కువగా కారణం సిలికాన్. కొక్కేల చుట్టూ ఎవరో ఎప్పుడో సిలికాన్ సీలెంట్ పూసి ఉంటారు. అది కంటికి కనిపించని పొరలా చుట్టూ వ్యాపించి, ఏ రంగునూ దరి చేరనివ్వదు.

పెచ్చులు ఊడటం మైనం పని. ఇక్కడ వరుస ముఖ్యం: సబ్బునీటితో కడగడం, ఆరాక మైనం తీసే ద్రావకంతో తుడవడం, ఆ తరువాతే ఎమరీ కాగితం. కడగక ముందే రుద్దితే మైనం గీతల్లోకి దిగిపోతుంది. తుడిచేటప్పుడు ఒక గుడ్డతో ద్రావకం పట్టించి, అది ఆరకముందే మరో శుభ్రమైన గుడ్డతో ఎత్తివేయాలి, రెండింటినీ తరచు మార్చాలి. ఒకే గుడ్డతో పడవంతా తుడవడమంటే మైనాన్ని అంతటా సమానంగా పంచడమే. చివరికి మంచినీరు చల్లి చూడండి. నీరు పొరలా పరుచుకుంటే తలం శుభ్రమైనట్టు. చుక్కలుగా విడిపోతే ఇంకా జిడ్డు ఉన్నట్టు.

రుద్దుడు విషయంలో, ప్రైమరుకు ముందు 80 నుంచి 120 నంబరు, పైరంగుకు ముందు 220 నుంచి 320 నంబరు కాగితం మామూలుగా సరిపోతాయి. ప్రైమరు ఆరాక వేరే రంగును చాలా పలుచగా చిలకరించి పొడవాటి చెక్కకు కట్టిన ఎమరీతో రుద్దితే, పల్లాల్లో ఆ రంగు మిగిలిపోయి కనిపిస్తుంది. మెరుపు రంగు ఏ పల్లాన్నీ దాచదు, ఎత్తి చూపుతుంది. స్ప్రే లేనివారు ఒకరు ఫోమ్ రోలరుతో పలుచగా రంగు పట్టిస్తుండగా, మరొకరు వెంటనే మెత్తటి కుంచె కొసతో ఒకే దిశలో తేలికగా సవరిస్తూ పోతే చక్కటి నునుపు వస్తుంది. తలం ఉష్ణోగ్రత తుషారాంకం కన్నా, అంటే గాలిలోని తేమ బిందువులుగా మారే స్థాయి కన్నా, కనీసం 3 డిగ్రీల సెల్సియస్ ఎక్కువ ఉండాలి. సాయంత్రం వేసిన రంగు మీద మంచు పడి మెరుపు పాలిపోవడం ఈ జాగ్రత్త లేకనే.

ప్రశ్న: పడవను రోజూ ఒడ్డుకు లాగేస్తాను. అడుగుకు నాచు, గుల్లలు పట్టకుండా వేసే రంగు అవసరమా?

జవాబు: అవసరం లేదు. ఆ రంగు నీటిలోనే ఉండిపోయే పడవలకు. రోజూ ఇసుక మీద లాగితే అది రాలిపోతుంది, ఖర్చు వృథా. నీటిలోనే ఉండే పడవ అయితే మాత్రం తప్పదు. అలాగే పక్కలకు వేసే పాలీయురెథేన్ రంగులలో చాలావరకు ఎల్లవేళలా మునిగి ఉండటానికి తయారుచేసినవి కావు, నీటిగీత కింద వేస్తే బొబ్బలెక్కుతాయి.

నాచు, గుల్లలు పట్టనివ్వని రంగులలో ఎక్కువవాటిలో ఉండేది క్యూప్రస్ ఆక్సైడ్ అనే రాగి సమ్మేళనం. ఇంజను కాలు అల్యూమినియం కాబట్టి దానికి ఈ రంగు పూయకూడదు. రాగి, అల్యూమినియం ఉప్పునీటిలో కలిస్తే అల్యూమినియం తుప్పులా తినుకుపోతుంది. దానికి విడిగా తగిన రకం దొరుకుతుంది. పాత పొరలను రుద్దవలసి వస్తే పొడిగా కాక, తడుపుతూ రుద్దండి. చాలా పాత పొరల్లో ట్రైబ్యూటైల్ టిన్ అనే విషపదార్థం ఉండవచ్చు. అంతర్జాతీయ సముద్రయాన సంస్థ 2001లో ఆమోదించి 2008 సెప్టెంబరులో అమలులోకి తెచ్చిన ఒప్పందం దాన్ని నిషేధించింది. గుల్లల పెంకులు వికృతంగా ఎదగడం, ఆడ నత్తలలో మగ లక్షణాలు రావడం గమనించాకనే ఆ నిర్ణయం జరిగింది. రాలిన పొట్టును గుడ్డ పరచి సేకరించి, నీటిలో పడకుండా చూడండి.

ప్రశ్న: ఇంటి పక్క షెడ్డులోనే ఈ పని చేస్తున్నాను. గుడ్డ కట్టుకున్నా తలనొప్పి వస్తోంది. పిల్లలు కూడా అటే తిరుగుతుంటారు. ప్రమాదమా?

జవాబు: ప్రమాదమే, అందులో సందేహం లేదు. ముక్కుకు కట్టిన గుడ్డ ఆవిరిని ఆపదు. పాలియెస్టర్ రెజిన్ నుంచి వచ్చే స్టైరీన్ ఆవిరికి సేంద్రియ ఆవిర్లను ఆపే కార్ట్రిడ్జ్ ఉన్న మాస్కు కావాలి, గాలి ధారాళంగా ఆడాలి. రుద్దేటప్పుడు లేచే గాజునార దుమ్ముకు దుమ్ము వడపోత కూడా ఉండాలి. తలనొప్పి వచ్చిందంటే ఆ చోట ఆవిరి ఎక్కువైందని గ్రహించి పని ఆపి బయటికి రండి.

పాలియెస్టర్‌ను గట్టిపరిచే ఎం.ఇ.కె.పి. అనే ఉత్ప్రేరకం ఒక్క చుక్క కంట్లో పడినా చూపు పోవచ్చు. కళ్ళద్దాలు పెట్టుకోకుండా ఆ సీసా మూత తీయవద్దు. పడితే వెంటనే ధారగా నీటితో కనీసం పావుగంట కడుగుతూ వైద్యుని దగ్గరికి వెళ్ళాలి. కొన్ని రెజిన్లకు కోబాల్ట్ వేగకారకాన్ని విడిగా కలపవలసి ఉంటుంది. దాన్నీ ఉత్ప్రేరకాన్నీ నేరుగా ఒకదానిలో ఒకటి పోస్తే నిప్పు అంటుకోవచ్చు, పేలవచ్చు. ముందు ఒకదాన్ని రెజిన్‌లో పూర్తిగా కలిపాకే రెండవది పోయాలి. గిన్నెలో మిగిలిన రెజిన్ కుప్పగా ఉంటే కాలి పొగలు కక్కుతుంది, వెడల్పాటి రేకులో పలుచగా పోసి బయట ఉంచండి.

రెండు భాగాల పాలీయురెథేన్ రంగులలోని ఐసోసయనేట్లు ఒకసారి ఒంటికి సరిపడకపోతే జీవితాంతం ఉబ్బసానికి దారితీయగలవు. వాటిని స్ప్రే చేయడానికి బయటి గాలిని గొట్టం ద్వారా అందించే పరికరం కావాలి, కాబట్టి ఇంటి దగ్గర ఆ పని పెట్టుకోవద్దు. ఎపాక్సీకి వాసన తక్కువ కనుక చాలామంది చేతొడుగులు లేకుండా ముట్టుకుంటారు. చర్మానికి అలెర్జీ ఒకసారి పట్టిందంటే ఆ తరువాత కొద్దిపాటి స్పర్శకే దద్దుర్లు లేస్తాయి. పిల్లలను ఆ ఛాయలకు రానివ్వకండి. షెడ్డు ఇంటికి ఆనుకునే ఉంటే పని ఆరుబయటికి మార్చండి.

ప్రశ్న: ముదురు నీలం వేయాలని ఉంది. ఫైబర్‌కు ఏమైనా ఇబ్బందా? రంగు ఆరాక కొక్కేలు బిగించి ఎన్నాళ్ళకు నీటిలోకి దింపవచ్చు?

జవాబు: ముదురు రంగు ఎండలో తెలుపు కన్నా చాలా ఎక్కువ వేడెక్కుతుంది. పాలియెస్టర్ వేడికి మెత్తబడే గుణం కలది కాబట్టి కింద ఉన్న నార నేత పైకి తేలి కనిపించవచ్చు, పాత అతుకుల అంచులు గీతలుగా బయటపడవచ్చు. ఎండలో నిలిచే పడవకు లేత రంగులే మేలు. నీలం మీద మనసు ఉంటే పై అంచున ఒక పట్టీగా వేసుకోండి.

కొక్కేలు బిగించేటప్పుడు బోల్టు రంధ్రాలను కాస్త పెద్దవి చేసి చిక్కటి ఎపాక్సీతో నింపి, గట్టిపడ్డాక మధ్యలో బోల్టు పట్టేంత రంధ్రం వేయండి. అప్పుడు లోపలి చెక్కకు నీరు సోకే దారి ఉండదు. సీలెంట్‌గా పాలీసల్ఫైడ్‌నో, మళ్ళీ విప్పడానికి వీలుండే పాలీయురెథేన్ రకాన్నో వాడి, మొదట సీలెంట్ అంచుల నుంచి కొద్దిగా పొంగేంత మాత్రమే బిగించి, అది ఆరిన తరువాత బోల్టు తల కదలకుండా పట్టుకుని నట్టును మాత్రమే పూర్తిగా బిగించండి. ఒకేసారి గట్టిగా బిగిస్తే సీలెంటంతా బయటికి వచ్చేస్తుంది.

రెండు భాగాల రంగు చేతికి అంటకపోయినంత మాత్రాన గట్టిపడినట్టు కాదు. 25 డిగ్రీల ప్రాంతంలో పూర్తి గట్టిదనానికి వారం రోజులు పడుతుంది, చల్లటి రోజుల్లో ఇంకా ఎక్కువ. ఆ గడువు తీరకముందు పడవకు మెత్తలు ఆనించి తాళ్ళు బిగించినా రంగులో అచ్చులు పడతాయి. అడుగుకు వేసే గుల్లల నిరోధక రంగులకు మాత్రం ఇంత ఆగడం కుదరదు. వాటిలో కొన్నింటిని నిర్ణీత గడువులోపలే నీటిలోకి దింపాలి. ఆ గడువు డబ్బా మీద రాసి ఉంటుంది కనుక పక్కల రంగు ముందు ముగించి, అడుగు రంగును చివరికి పెట్టుకోండి.